గుర్తు చేతికి వచ్చాక 14 రోజులు ఇవ్వండి: రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఒక ప్రతిపాదకుడి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి నమస్కారాలు.

హైదరాబాద్‌లో కార్పొరేటర్ పదవికి తొలిసారి పోటీ చేసే సామాన్యుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. నాకు ఏ పార్టీ సభ్యత్వమూ లేదు, ఎన్నికల్లో నిలబడాలన్న ఆలోచనా లేదు. 2020 గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికల్లో మా వార్డు నుంచి స్వతంత్రంగా పోటీ చేసిన ఒక మహిళ నామినేషన్ పత్రంపై ప్రతిపాదకుడిగా సంతకం పెట్టాను. ఆమె వెంట గల్లీలు తిరిగాను. అప్పుడు కళ్లారా చూసినదాన్ని, ఆ తర్వాత చట్టాలు తిరగేసి తెలుసుకున్నదాన్ని కలిపి మీ ముందు ప్రధానంగా ఒకే ఒక కోరిక పెడుతున్నాను. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగ్‌కు కనీసం 14 రోజుల వ్యవధి ఇవ్వండి.

2020 నాటి తేదీలు మీ దస్త్రాల్లోనే ఉన్నాయి. నవంబరు 17న ప్రకటన. 18 నుంచి 20 వరకు నామినేషన్లు. 21న పరిశీలన. 22న మధ్యాహ్నం 3 గంటల వరకు ఉపసంహరణ. డిసెంబరు 1న పోలింగ్. ప్రచారం నవంబరు 29 సాయంత్రంతోనే ఆగిపోయింది. ప్రకటన వెలువడిన రెండు వారాలకే ఓట్లు పడిపోయాయి.

పార్టీ అభ్యర్థికి ఈ వేగం వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. కారు, కమలం, పతంగి, చేయి ఓటరుకు ఎప్పటి నుంచో తెలిసిన గుర్తులు. బీ-ఫారం, అంటే పార్టీ తన అభ్యర్థి ఎవరో రాసిచ్చే పత్రం, చివరి గంటలో ఎవరి చేతికి వచ్చినా గుర్తు సిద్ధంగా ఉంటుంది, జెండాలు సిద్ధంగా ఉంటాయి, పోలింగ్ కేంద్రంలో కూర్చునే మనుషులూ సిద్ధంగా ఉంటారు. స్వతంత్ర అభ్యర్థి సంగతి వేరు. ఉపసంహరణ గడువు దాటాకే ఆయనకు గుర్తు కేటాయిస్తారు. గుర్తు లేనిదే కరపత్రం అచ్చు వేయించుకోలేరు, బ్యానరు కట్టుకోలేరు, గడప దగ్గర నిలబడి “దేని మీద ఓటు వేయాలి బిడ్డా?” అని అడిగే పెద్దావిడకు జవాబు చెప్పలేరు. 22 సాయంత్రం గుర్తు వచ్చింది, 29 సాయంత్రానికి మైకు మూగబోయింది. మధ్యలో ఉన్నవి 7 రోజులు.

ఆ 7 రోజుల్లో ఏమి సాధ్యమో లెక్క వేసి చూడండి. అప్పటికి గ్రేటర్‌లో 74 లక్షలకు పైగా ఓటర్లు, 150 వార్డులు. సగటున వార్డుకు దాదాపు 50 వేల మంది. ఇంటికి నలుగురు ఓటర్లు అనుకుంటే 12 వేలకు పైగా గడపలు. ఒక్కో గడప దగ్గర 2 నిమిషాలకు మించి ఆగకుండా, రోజుకు 10 గంటలు తిరిగితే 300 ఇళ్లు. వారమంతా అలా తిరిగినా 2,100 ఇళ్లు. మిగిలిన 10 వేల ఇళ్లవారికి ఆ అభ్యర్థి అనే మనిషి ఒకరు ఉన్నారని పోలింగ్ కేంద్రంలో బ్యాలెట్ కాగితం విప్పేదాకా తెలియదు. తెలియని మనిషికి ఓటు ఎవరు వేస్తారు?

మా అభ్యర్థి బస్తీలో జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టి బతికే మనిషి. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగిపోయాయి. మా వైపు నాలా పొంగి ఇళ్లలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక అందరూ పరుపులు ఆరబెట్టుకుంటూ ఉంటే, ఆమె మెడలో వేసుకునే టేపు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో అంగుళాల్లో కొలిచారు. కొలతల పుస్తకం వెనక పేజీల్లో ఇంటి నంబరు, మరక ఎత్తు, ఏ మ్యాన్‌హోల్ నుంచి మురుగు ఎదురు తన్నింది, ఆ ఇంట్లో మంచం దిగలేని పెద్దవాళ్లు ఉన్నారా అన్నది వరసగా రాశారు. ఆ పుస్తకం నేను చూశాను. ఎడమ పేజీలో ఎవరివో భుజాల కొలతలు, కుడి పేజీలో మా గల్లీ మునక కొలతలు. ఎక్కడ కాలువ ఇరుకైందో, ఎక్కడ పూడిక తీయకుండా వదిలేశారో ఆ అంకెలు వరసగా చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. వార్డు సభలో ఇంతకంటే పనికివచ్చే కాగితం మరొకటి ఉంటుందని నేను అనుకోను.

“ఈ లెక్క తీసుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి?” అని ఆమె అడిగారు. కొన్నాళ్లకు తానే నిలబడతానన్నారు. పాలకవర్గం గడువు 2021 ఫిబ్రవరి వరకు ఉంది కాబట్టి ఎన్నికలు జనవరిలోనో, ఆ తర్వాతో ఉంటాయని మేమంతా అనుకున్నాం. నవంబరులోనే ప్రకటన వచ్చింది. చట్ట ప్రకారం గడువుకు ముందు జరపవచ్చు, అందులో తప్పు లేదు. కానీ ప్రకటన వచ్చేసరికి చేతిలో కరపత్రం ముసాయిదా కూడా లేని మనిషి పరిస్థితి ఒకటి, ముందే సన్నద్ధమైన యంత్రాంగం పరిస్థితి మరొకటి.

నామినేషన్ వేసిన దగ్గర నుంచి ఉపసంహరణ గడువు దాకా ఉండే ఆ రెండు రోజుల గురించి మీరు విని ఉంటారు. “ఎందుకమ్మా నీకు ఇదంతా, వెనక్కి తీసుకో, మేం చూసుకుంటాం” అని మర్యాదగా వచ్చేవాళ్లు వస్తారు. ఇంటి యజమానితో చెప్పించేవాళ్లు ఉంటారు. అప్పు ఇచ్చినవాడితో చెప్పించేవాళ్లూ ఉంటారు. ఆమె తీసుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం 3 దాటాక గుర్తు కేటాయింపు. ఆమెకు గ్యాస్ పొయ్యి వచ్చింది. అక్కడి నుంచి నేరుగా ప్రెస్సుకు వెళ్లాం. ఆ ప్రెస్సు యజమాని మంచివాడే. నేల మీద తాళ్లు కట్టిన కట్టలు చూపించి, పార్టీల పని రాత్రింబవళ్లు నడుస్తోందని, మంగళవారం కంటే ముందు ఇవ్వలేనని చెప్పారు. చిన్న ఆర్డరు, అప్పు అడగకపోయినా పెద్ద లాభం లేని పని, వరసలో చివరిదే అవుతుంది. కరపత్రాలు చేతికి వచ్చేసరికి ఉన్న 7 రోజుల్లో రెండు పోయాయి. ఆ రెండు రోజులూ ఆమె నోటుపుస్తకం కాగితం మీద పెన్నుతో గ్యాస్ పొయ్యి బొమ్మ వేసుకుని గడప గడపకూ చూపించారు.

గుర్తుకు ఎంత విలువ ఉందో మీ సంఘానికి నేను చెప్పనక్కర్లేదు. అదే ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేట వార్డులో సీపీఐ అభ్యర్థి పేరు ఎదురుగా కంకి కొడవలికి బదులు సీపీఎం వారి సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. విషయం బయటపడగానే మీ సంఘం వార్డు మొత్తంలో పోలింగ్ రద్దు చేసింది. డిసెంబరు 3న మళ్లీ పోలింగ్ జరిపింది. చాలా సరైన నిర్ణయం. ఒక్క అభ్యర్థి గుర్తు తప్పుగా పడితే ఆ ఎన్నిక చెల్లదని మీరే తేల్చారు. గుర్తు సరిగానే పడినా దాన్ని ఓటరుకు చూపించే వ్యవధి ఆ అభ్యర్థికి దక్కకపోతే అన్యాయం చిన్నదవుతుందా? నా వాదనకు మూలం ఇదే.

ఈ 14 రోజుల లెక్క నేను గాలిలోంచి తెచ్చింది కాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 30వ సెక్షన్ చూడండి. శాసనసభకైనా లోక్‌సభకైనా ఉపసంహరణ గడువు ముగిశాక 14వ రోజు కంటే ముందు పోలింగ్ పెట్టడానికి వీల్లేదు. 1996 సవరణకు ముందు ఆ వ్యవధి 20 రోజులు ఉండేది. ఎమ్మెల్యేకు, ఎంపీకి చట్టం చేసిన ఏర్పాటు ఇది. వాళ్లలో చాలామంది పేరు మోసిన నాయకులు, వెనక పార్టీ ఉన్నవారు. కార్పొరేటర్ దగ్గరికి వచ్చేసరికి 2020 డిసెంబరులో దక్కింది 9 రోజులు. అదే ఏడాది జనవరిలో రాష్ట్రంలోని మున్సిపాలిటీలకు జరిగిన ఎన్నికల్లో 14న ఉపసంహరణ, 22న పోలింగ్, అంటే 8 రోజులు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చి 3న ఉపసంహరణ, 10న పోలింగ్, 7 రోజులు. రాజకీయాల్లోకి కొత్త మనిషి అడుగు పెట్టగలిగే మొదటి మెట్టు వార్డు ఎన్నిక. అక్కడ వ్యవధి శాసనసభ, లోక్‌సభ ఎన్నికల కంటే తక్కువగా ఉంది.

నియోజకవర్గం పెద్దది, వార్డు చిన్నది, అందుకే తక్కువ రోజులు చాలునని మీ అధికారులు అనవచ్చు. 50 వేల మంది ఓటర్లున్న వార్డు ఒకప్పటి చిన్న పట్టణంతో సమానం. పైగా పోటీ చేసేవారి చేతిలో ఎన్ని వాహనాలు, ఎందరు మనుషులు ఉన్నారన్నదే అసలు కొలమానం. మా అభ్యర్థి వెంట ఒక అద్దె ఆటో, ఆమె ఇద్దరు పిల్లలు, కొందరు ఇరుగుపొరుగువాళ్లం ఉన్నాం. అంతే.

ఎన్నికల నియమావళి ఎక్కువ రోజులు అమల్లో ఉంటే పనులు ఆగిపోతాయన్నది రెండో అభ్యంతరం. ఐదారు రోజులు పెరుగుతాయి. ఐదేళ్ల పాలకవర్గం కోసం ఐదారు రోజులు నగరం ఓర్చుకోలేనిది కాదు. అప్పట్లో వరద సాయం 10 వేల రూపాయల పంపిణీని నవంబరు 18న మీ సంఘమే నిలిపివేసింది. నీళ్లలో సర్వం పోగొట్టుకున్నవాళ్లకు అది చాలా కష్టమైన నిర్ణయం, మా గల్లీలోనూ కన్నీళ్లు పెట్టుకున్నారు. అయినా ఓటరు మీద ప్రభావం పడకూడదన్న ఉద్దేశంతో ఆపారు. పోటీ సమానంగా ఉండాలని అంతటి నిర్ణయం తీసుకోగలిగిన సంఘానికి తేదీల మధ్య దూరం పెంచడం పెద్ద పని కాదు.

రోజులు పెరిగితే ఖర్చు పెరుగుతుందని, డబ్బున్నవాళ్లకే లాభమని మూడో మాట. నేను చూసింది దీనికి పూర్తిగా విరుద్ధం. వ్యవధి తక్కువైతే డబ్బున్నవాడు ఒకేసారి 50 మందిని కూలికి పెట్టి వార్డంతా రెండు రోజుల్లో చుట్టేస్తాడు. లేనివాడికి ఉన్న పెట్టుబడి కాళ్లూ కాలమూ. 2020లో గ్రేటర్ అభ్యర్థి ఖర్చు పరిమితి 5 లక్షల రూపాయలు. ఆ లెక్క ఫలితం వచ్చిన 45 రోజుల్లో మీకు ఇవ్వాలి. మా అభ్యర్థి రసీదులన్నీ జాకెట్టు ముక్కల సంచీలో దాచి, ఆటో కిరాయితో సహా రాసి ఇచ్చారు. కానీ పార్టీ పెట్టే పెద్ద సభల బరువు ఆ పరిమితిలో ఎంత కనబడుతుంది? 2020లో వార్డు ఎన్నికల కోసం కేంద్ర హోంమంత్రి నగరానికి వచ్చి రోడ్ షో చేశారు, ముఖ్యమంత్రి ఎల్బీ స్టేడియంలో సభ పెట్టారు. అది వారి హక్కు, నేను తప్పుపట్టడం లేదు. ఆ హోరులో గ్యాస్ పొయ్యి గుర్తు వినబడాలంటే మరికొన్ని రోజులు కావాలని మాత్రమే అంటున్నాను.

ఇక స్వతంత్రులంతా నిజాయితీపరులని నేను చెప్పను. టికెట్ దక్కని రెబల్స్ ఉంటారు. ఓట్లు చీల్చడానికి డబ్బిచ్చి నిలబెట్టినవాళ్లు ఉంటారు. ప్రత్యర్థి పేరే ఉన్న మనిషిని వెతికి తెచ్చి నామినేషన్ వేయించడం మన దగ్గర పాత విద్య. 5 వేల రూపాయల డిపాజిట్ అలాంటివారిని ఆపడం లేదు. వ్యవధి కుదిస్తే కూడా వాళ్లు ఆగరు, ఎందుకంటే వాళ్లకు ప్రచారమే అవసరం లేదు. పేరు బ్యాలెట్ మీద ఉంటే వాళ్ల పని అయిపోతుంది. కుదించిన వ్యవధి దెబ్బ తగిలేది నిజంగా గెలవాలని, నిజంగా పని చేయాలని వచ్చినవాళ్లకే.

2016లో 150 వార్డుల్లో తెరాస 99, మజ్లిస్ 44, భాజపా 4, కాంగ్రెస్ 2, తెలుగుదేశం 1. 2020లో తెరాస 56, భాజపా 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. రెండుసార్లూ కూడి చూడండి, సరిగ్గా 150. ఒక్క స్వతంత్రుడికీ చోటు లేదు. 2020లో ఓటు వేసినవాళ్లు సగం కంటే తక్కువ, దాదాపు 46 శాతం. ఇంట్లో కూర్చుండిపోయిన ఆ సగానికి పైగా జనంలో తమ గల్లీ మనిషి ఒకరు బరిలో ఉన్నారని తెలిస్తే వచ్చేవాళ్లు కొందరైనా ఉండేవారని నా నమ్మకం. విశాఖలో 2021లో 98 వార్డులకు నలుగురు స్వతంత్రులు గెలిచారు. వారిలో కొత్తవారు ఎవరు, టికెట్ దక్కక నిలబడినవారు ఎవరు అన్నది వేరే చర్చ. తలుపు పూర్తిగా మూసుకుపోనక్కర్లేదని మాత్రం ఆ ఫలితం చెబుతోంది.

రిజర్వేషన్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాటిని ఖరారు చేసేది ప్రభుత్వం, మీరు కాదని తెలుసు. అయినా దాని భారం మీ ఎన్నిక మీద పడుతుంది. గ్రేటర్‌లో సగం వార్డులు మహిళలవి. అది ఎంతో పోరాటంతో వచ్చిన హక్కు. ఏ వార్డు మహిళలకు పడుతుందో చివరి వారంలో తేలితే దాని లాభం ఎవరికి? అప్పటికే కార్పొరేటర్‌గా ఉన్నాయన తన భార్య పేరు రాసి పంపుతారు, పోస్టరులో ఆవిడ ఫొటో పక్కన ఆయన ఫొటో ఉంటుంది, గెలిచాక ఫోను ఆయనే ఎత్తుతారు. ఆరు నెలల ముందే ఆ వార్డు మహిళలదని తెలిసి ఉంటే అంగన్‌వాడీ టీచరో, పొదుపు సంఘం నాయకురాలో, బస్తీ కుట్టుపని చేసుకునే మనిషో సిద్ధమయ్యే అవకాశం ఉండేది. హద్దుల సంగతీ అంతే. 2025 చివర చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపి 150 వార్డులను 300గా విడగొట్టినప్పుడు మా గల్లీకి ఈ పక్కవాళ్లు ఏ వార్డు, ఆ పక్కవాళ్లు ఏ వార్డు అని చాయ్ దుకాణం దగ్గర రోజూ వాదనలే. ఏళ్లుగా ఒక బస్తీ సమస్యలు పట్టించుకున్న మనిషికి ఆ బస్తీ తన వార్డులో ఉంటుందో లేదో తెలియకపోతే ఎలా సన్నద్ధం కాగలరు? హద్దులూ రిజర్వేషన్లూ ఖరారయ్యాక కనీసం 3 నెలలు గడిచాకే ఎన్నికల ప్రకటన ఇస్తామని మీరు ముందుగా ప్రభుత్వానికి చెప్పగలరు.

చెప్పగలరని ఎందుకంటున్నానంటే, మీ అధికారం చిన్నది కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243జెడ్‌ఏ అధికరణం పట్టణ సంస్థల ఎన్నికల పర్యవేక్షణ, నిర్దేశం, నియంత్రణ పూర్తిగా మీకు అప్పగించింది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు, మీ పరిధిలో మీ సంఘం కేంద్ర ఎన్నికల సంఘంతో సమానమని, రాష్ట్ర ప్రభుత్వం సహకరించకపోతే కోర్టును ఆశ్రయించవచ్చని స్పష్టంగా చెప్పింది. ఐదేళ్ల గడువులోగా ఎన్నిక పూర్తి కావాలన్నదీ అదే తీర్పు. హైదరాబాద్ పాలకవర్గం గడువు 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది, ఆలోగా కొత్త పాలకవర్గం రాలేదు. ఆలస్యం జరిగినప్పుడల్లా ఆ తర్వాత హడావుడిగా తేదీలు పెట్టడం మన అలవాటు. ముందు నెలల తరబడి జాప్యం, చివర రోజుల తరబడి కోత. ఆ రెండు దెబ్బలూ కొత్త అభ్యర్థే తింటున్నారు.

పెద్దగా ఖర్చు లేకుండా మీరు చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. ఇంటింటికీ ఓటరు చీటీ మీరే పంపిస్తున్నారు. ఆ చీటీతో పాటు వార్డులో పోటీ చేస్తున్న అందరి పేర్లు, గుర్తులు, వృత్తి, చదువు, కేసులు, ఆస్తులు ఒకే కాగితం మీద తెలుగులో, ఉర్దూలో అచ్చు వేసి ఇప్పించండి. ఆ వివరాలన్నీ అభ్యర్థులు అఫిడవిట్లలో ఇస్తూనే ఉన్నారు. వెబ్‌సైటులో పెడితే మా బస్తీలో చూసేవాళ్లు తక్కువ. చేతికి కాగితం వస్తే పెద్దగా చదివి వినిపించే పిల్ల ప్రతి ఇంట్లో ఉంది.

మా అభ్యర్థి ఓడిపోయారు, డిపాజిట్ కూడా దక్కలేదు. మేం తిరిగిన గల్లీల్లో మాత్రం ఆమెకే ఓటు వేశామని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. తిరగలేని చోట ఆమె ఎవరో తెలియదన్నారు. ఫలితం వచ్చాక ఆ తేడా నేను గల్లీల వారీగా రాసుకున్నాను. ఆమె ఆ కాగితం చూసి, మరుసటి వానాకాలానికి ముందు నాలా పూడిక తీయించమని అధికారులకు ఇచ్చే దరఖాస్తు రాయడం మొదలుపెట్టారు.

నా మనవికి మీ కార్యాలయం నుంచి రాతపూర్వకమైన సమాధానం కోరుతున్నాను. 14 రోజుల వ్యవధికి ఇప్పటి నిబంధనలు అడ్డం వస్తే ఏ నిబంధనో పేర్కొనండి. దాన్ని సవరించమని మున్సిపల్ శాఖకు, శాసనసభలోని అన్ని పార్టీల నాయకులకు మా వార్డు ప్రజలం సంతకాలతో రాస్తాం. నిబంధన అడ్డం లేదంటే, వచ్చే ఎన్నికల ప్రకటనలోనే అమలు చేయండి.

ఇట్లు,
హైదరాబాద్ నగర ఓటరు